మస్కట్ విమానం, మంగళవారం ప్రస్థానం

ఈ ఉదయం బాల్కనీలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే, మా కింది వాటాలో అద్దెకుండే చెల్లెమ్మ మెట్లెక్కి వచ్చింది. చెల్లెమ్మ అంటే తోడబుట్టింది కాదు. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా కొత్తపేటలోని మా ఇంట్లో ఉంటోంది. నన్ను అన్నా అనీ, మా ఆవిడని వదినా అనీ పిలుస్తుంది. మేము కృష్ణా జిల్లా వాళ్లమైనా ఆ వరసలకు అదేమీ అడ్డం రాలేదు. "అన్నా, మస్కట్ విమానం ఎట్లున్నదో జర చూడు" అంది. కళ్లజోడు వెతుక్కుని, ఫోను తీసి, నంబరు కొట్టి చూస్తే విమానం అనుకున్న సమయానికే వస్తున్నట్టుంది. చెప్పబోతూ గొంతు సవరించుకున్నాను. ఆమె చెయ్యెత్తి ఆపేసింది. "మెల్లగ చెప్పన్నా. నాకొక్కదానికే చెప్పు, గల్లీకి చెప్పకు." లోపలి నుంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. వెళ్తూ వెళ్తూ ఆమె మా ఎత్తు స్టూలు కూడా అడిగి పట్టుకుపోయింది. ఎందుకని నేను అడగలేదు. ఆమె భర్త ఈ సాయంత్రం మస్కట్ నుంచి పూర్తిగా వచ్చేస్తున్నాడు. అలాంటి రోజున ఇంట్లో సవాలక్ష పనులుంటాయి. కానీ మా ఆవిడ నవ్వు మాత్రం నన్ను మూడేళ్ల కిందటి ఒక మంగళవారానికి లాక్కుపోయింది.

ముందు నా గొంతు సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లు బస్టాండ్లలో కంట్రోలర్‌గా పనిచేశాను. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలింది, ఎన్ని నిమిషాలు ఆలస్యం, ఇవి రాసుకోవడం నా ఉద్యోగం. వాటిని జనానికి వినపడేలా చెప్పడం కూడా నా ఉద్యోగమే. మైకు ఉన్నా లేకపోయినా నా గొంతు ప్లాట్‌ఫాం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లేది. రిటైరయ్యాక చెప్పడానికి బస్సులు లేక నాకు తోచేది కాదు. అలాంటి సమయంలో మా అక్క మనవడు నా ఫోనులో విమానాల రాకపోకలు చూసే యాప్ ఒకటి పెట్టి వెళ్లాడు. ఇక చూడండి! కాలనీలో ఎవరింటికి ఏ దేశం నుంచి ఎవరొస్తున్నా, ఎవరు వెళ్తున్నా, "సార్, జర విమానం చూడరా" అని మా గుమ్మం ఎక్కడం మొదలుపెట్టారు. నేను చూసి, బాల్కనీలోకి వచ్చి, వీధి మొత్తానికి వినపడేలా చెప్పేవాణ్ణి. వాళ్లకి బరువెంత తీసుకెళ్లొచ్చో, ఎన్ని గంటలు ముందు బయలుదేరాలో కూడా సలహాలిచ్చేవాణ్ణి. ఇంతకీ నేనెప్పుడూ విమానం ఎక్కలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

చెల్లెమ్మ వాటాలో వీధివైపు గది ఆమె టైలర్ షాపు. జాకెట్లు కుట్టడంలో ఆమె చెయ్యి ఎంత మంచిదంటే, దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణాల్లో చీర కొన్న ఆడవాళ్లు సగంమంది నేరుగా ఇక్కడికే వస్తారు. ఆ షాపు గోడమీద రెండు గడియారాలుంటాయి. ఒకటి మామూలుది. రెండోది దానికంటే గంటన్నర వెనక నడుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు, "ఆ గడియారం చెడిపోయిందామ్మా?" అని అడుగుతారు. "లేదమ్మా, అది మా ఆయన టైము" అని చెప్పి ఆమె కుట్టు మిషను తొక్కుతుంది. భర్త మస్కట్‌లో ఒక కంపెనీకి కారు డ్రైవరు. రెండేళ్లకోసారి వచ్చి నలభై రోజులుండి వెళ్లిపోతాడు. ఆయన లేచే వేళ, తినే వేళ, ఫోను చేసే వేళ అన్నీ ఆమె ఆ గడియారంలోనే చూసుకునేది. ఒక్కతే కూతురు, పెళ్లయి మన్సూరాబాదులో ఉంటుంది. ఆ పెళ్లి సంబంధం మాటలన్నీ ఫోనులోనే మాట్లాడుకున్నారు, ఈవైపు రాత్రి తొమ్మిదైతే ఆవైపు ఏడున్నర.

మూడేళ్ల కిందట ఆయన కంపెనీవాళ్లు, భార్యను నెల రోజులకు పిలిపించుకోవచ్చని కాయితం ఇచ్చారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి. వీసా కూడా వచ్చింది. ఫలానా తేదీలోగా ఆ దేశంలో అడుగుపెట్టాలి, దాటితే చెల్లదు. వెంటనే వెళ్తుందనుకున్నాం. ఈమె వెళ్లలేదు. అవి పెళ్లిళ్ల రోజులు, షాపులో జాకెట్లు గుట్టలుగా ఉన్నాయి. "పెండ్లిపిల్లల బట్టలు పట్టుకొని నేను విమానమెక్కితే వాళ్ల ఉసురు తగుల్తదన్నా" అని కూర్చుంది. చివరి జాకెట్‌కి చివరి కొక్కెం కుట్టాక టికెట్టు కొంటే, దొరికింది వీసా ఆఖరు రోజుకి. ఆ రోజు మంగళవారం. మధ్యాహ్నం మూడున్నరకి విమానం. తప్పితే ఇంకో వీసా ఎప్పటికి వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

ప్రయాణం తయారీ అంతా నా చేతిమీదే జరిగింది. రైతు బజారులో మిరపకాయలమ్మే ఆవిడ దగ్గర కొక్కెం తక్కెడ అరువు తెచ్చి, పెట్టెను దానికి తగిలించి, నేనూ మా ఆవిడా చెరోవైపు పట్టుకుని తూచాం. సకినాలు, సర్వపిండి, మా ఆవిడ ఆవకాయ, గోంగూర, పొట్లాల మీద పొట్లాలు. మూడు కిలోలు ఎక్కువైతే ఏది తీసేయాలన్నదానిమీద నల్లగొండ సకినాలకీ కృష్ణా ఆవకాయకీ పెద్ద చర్చ నడిచింది. చివరికి ఆమె చీరలు రెండు తీసేశారు. చేతిసంచిలో చూస్తే కత్తెర! "కత్తెర లేనిదే నాకు చెయ్యి ఆడదన్నా, ఆయన చొక్కాలకు గుండీలు ఊడి ఉంటయ్" అంటుంది. అది పెట్టెలోకి మార్పించడానికి నాకు అరగంట పట్టింది. డాబామీద రెండు కుర్చీల మధ్య బట్టల తాడు కట్టి, నేను అధికారిలా కూర్చుని, "ఎక్కడికెళ్తున్నారు? ఎందుకు?" అని అడిగే తరగతులు కూడా నడిపాను. మొదటి రోజు ఆమె, "మా ఆయనతాన" అని చెప్పి ముసిముసిగా నవ్వి ముఖం తిప్పుకుంది. యాభైకి దగ్గరపడుతున్న మనిషి సిగ్గుపడటం చూసి నాకు ముచ్చటేసింది.

అసలు గొడవ మా ఆవిడ దగ్గర మొదలైంది. మంగళవారం కొత్త ప్రయాణమేమిటని ఆమె పట్టు. పంచాంగం తిరగేసి, సోమవారం ఉదయం తొమ్మిదింటికి మంచి ఘడియ ఉందని, ప్రస్థానం పెడితే దోషం ఉండదని తేల్చింది. ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. బయలుదేరే రోజు మంచిది కాకపోతే, ముందుగానే మంచి వేళ చూసి, ప్రయాణికుల వస్తువు ఏదో ఒకటి, గుడ్డలో మూటకట్టి వెళ్లే దిక్కున ఉన్న ఇంట్లో పెట్టి వస్తారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. మర్నాడు వెళ్తూ వెళ్తూ ఆ మూట తీసుకుని పోవాలి. ఈలోపు అది తిరిగి ఇంటికి రాకూడదు. మస్కట్ పడమర. మాకు పడమర ఎదురింట్లో ఉండేది రిటైరైన టీచరమ్మ, ఒంటరి మనిషి, నమ్మకస్తురాలు. చెల్లెమ్మ వైపు ఈ ఆచారం లేదు కానీ, "వదిన మనసుకు మంచిగనిపిస్తె నాకేం పాయె" అంది.

మూటలో ఏం పెట్టాలి? మా ఆవిడ జాకెట్ గుడ్డా, గుప్పెడు బియ్యమూ, పసుపు కొమ్మూ తీసింది. నేను ఊరుకోవచ్చు కదా! "బియ్యం విమానం ఎక్కుతాయా? మనిషిని దాటించేది పాస్‌పోర్ట్. పెడితే అది పెట్టు" అన్నాను. వేళాకోళానికే అన్నాను. మా ఆవిడ కాసేపు ఆలోచించి, "మీరు జీవితంలో మొదటిసారి తెలివైన మాట అన్నారు" అని, పాస్‌పోర్టూ వీసా కాయితమూ టికెట్టూ ఉన్న చేతిసంచిని తీసుకెళ్లి, పసుపు బొట్టు పెట్టి, టీచరమ్మ ఇంట్లో దేవుడి గూటి కింద పెట్టించి వచ్చింది. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

మంగళవారం ఉదయం ఏడున్నరకి ఫోను చూశాను. విమానం మూడు గంటలు ఆలస్యం, సాయంత్రం ఆరున్నరకి బయలుదేరుతుంది. బాల్కనీలోకి వచ్చాను. "మస్కట్ వెళ్లు విమానం మూడు గంటలు ఆలస్యంగా నడుచుచున్నది!" అని బస్టాండు భాషలోనే చెప్పాను. ఇస్త్రీ బండివాడు చప్పట్లు కొట్టాడు. ఎదురింటి కిటికీ తెరుచుకుని టీచరమ్మ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఆ తర్వాత నింపాదిగా స్నానం చేసి, టిఫిను తిని, బయట పనులు రెండు చూసుకొచ్చి, పదకొండున్నరకి మళ్లీ ఫోను తీశాను. ఆలస్యం లేదు. మూడున్నరకే బయలుదేరుతుంది. కళ్లజోడు తుడుచుకుని చూసినా అంతే. ఏ ఊరి నుంచో వేరే విమానం తెచ్చి పెట్టుంటారు. మా రోజుల్లో మేమూ బస్సులకి అలాగే చేసేవాళ్లం. కానీ రెండున్నరకి కౌంటరు మూసేస్తారు, ఎల్బీనగర్ చౌరస్తా దాటడానికే ఒక్కోసారి అరగంట.

కిందికి పరుగెత్తాను. చెల్లెమ్మ అల్లుడికి ఫోను చేస్తే పాపం పదిహేను నిమిషాల్లో కారు తెచ్చాడు. పెట్టె ఎక్కించాం. చేతిసంచి తీసుకుందామని వీధి దాటితే, టీచరమ్మ ఇంటికి తాళం! మీర్‌పేటలో చెల్లెలి మనవడికి ఆ రోజు తొట్టెల పండగ అని ఆమె ముందే చెప్పింది. మనం పదకొండింటికి సంచి తీసుకుంటే ఆ తర్వాత వెళ్దామనుకుంది. నా ప్రకటన విని, ఇంకా మూడు గంటల టైముంది కదా, ఒంటిగంటకల్లా వచ్చేయొచ్చని తొమ్మిదింటికే బయలుదేరిపోయింది. ఇస్త్రీ బండివాడు చెప్పాడు ఇదంతా. నేను ఫోను చేశాను. తలుపు అవతల, దేవుడి గూటి పక్కనే కాబోలు, టీచరమ్మ ఫోను శ్రావ్యంగా మోగింది. ఛార్జింగుకి పెట్టి మరిచిపోయి వెళ్లింది.

"తాళం పగలగొడదాం మామా" అన్నాడు అల్లుడు. ప్రస్థానం పెట్టిన ఇంటి తాళం పగలగొట్టడం కంటే అరిష్టం ఉండదని మా ఆవిడ గడపకి అడ్డం నిలబడింది. పాస్‌పోర్ట్ పెట్టమన్నదీ నేనే, వీధంతా వినపడేలా అరిచిందీ నేనే. ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన ఇల్లాలి ప్రయాణం నా నోటి దురద వల్ల ఆగిపోతుందని తలుచుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పంతా నాదేనమ్మా" అన్నాను. గట్టి గొంతు అప్పుడు ఎటు పోయిందో, ఆ మాట నాకే సరిగ్గా వినపడలేదు. ఆమె మెట్టుమీద కూర్చుని ఉంది, తలనిండా పూలు, కొత్త చీర. కాసేపు తాళం వైపే చూసి, "తాళం పగలగొడ్తే టీచరమ్మకు నేనేం మొహం చూపిస్తనన్నా? ఉండున్రి, పరేషాన్ గాకున్రి" అని లేచి, షాపు తలుపు తీసి లోపలికి వెళ్లింది.

బయటికి వచ్చేటప్పుడు ఆమె చేతిలో కొలతల పుస్తకం ఉంది. జాకెట్లు కుట్టించుకునేవాళ్ల ఛాతీ, నడుము, చెయ్యి, అన్నీ అందులో రాసుకుంటుంది. పేర్లు మాత్రం రాయదు. "పసుపు చీర బ్యాంకామె", "లావు కోడలు", ఇలా ఉంటాయి, పక్కన ఫోను నంబరు. వేలితో గీతలు దాటుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది. "మీర్‌పేట, టీచరమ్మ చెల్లె, నెమలి రంగు." తొట్టెల పండగకి టీచరమ్మ చెల్లెలు జాకెట్ కుట్టించుకున్నది ఈమె దగ్గరే! ఆ నంబరు కొడితే రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తారు. ఫోనులోంచి పిల్లల గోల, పాటలు, ఆ మధ్యలో ఒక గొంతు నాకు కూడా వినపడేంత గట్టిగా, "ఆఁ టైలరమ్మా, నేనే చేద్దామనుకున్న, ఎడమ చెయ్యి జర బిగువైంది..." అంటోంది. "వచ్చినంక ఇప్పి మల్ల కుట్టిస్తనమ్మా, పైసలు గూడ వద్దు. ముందుగాల మీ అక్కకు ఫోనియ్యి" అంది మా చెల్లెమ్మ. ఆ కంగారులోనూ మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పన్నెండూ నలభై అయిదుకి టీచరమ్మ మరిది స్కూటరు మీద వచ్చి దిగింది. పట్టుచీర, ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో బూరెల పొట్లం. పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, జీవితంలో ఎవరికీ ఆలస్యం చెయ్యని మనిషి, రొప్పుతూ, "విస్తరి ముందలకెళ్లి లేచొచ్చిన. మీ సారు అరిచిండనే కదా నేను పోయింది!" అని నన్ను చూసిన చూపుకి ముప్పై ఏళ్ల నా సర్వీసు అంతా బోనులో నిలబడ్డట్టయింది. తలుపు తీసింది. చేతిసంచిని కళ్లకద్దుకుని చెల్లెమ్మ చేతికిచ్చి, బూరెలు ఒడిలో పెట్టింది. "ఇరవై రెండేండ్లు ఆగిన టీచరమ్మా, గంట ఆగలేనా?" అంటూ ఆమె కారెక్కింది. నవ్వుతూనే అంది కానీ సంచిని పట్టుకున్న చేతులు మాత్రం అది చిరిగిపోతుందేమోనన్నంత గట్టిగా పట్టుకున్నాయి.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. టీచరమ్మ మా హాల్లోనే కూర్చుంది. రెండూ పదికి అల్లుడు ఫోను చేశాడు, పెట్టె తీసుకున్నారు, లోపలికి పంపించారు. మూడూ నలభైకి విమానం కదిలినట్టు ఫోనులో పడింది. నేను బాల్కనీలోకి వెళ్లలేదు. ఉన్న ఇద్దరికీ మెల్లగా చెప్పాను. ఆ తర్వాత విమానం బొమ్మ సముద్రం మీద చీమలా పాకుతుంటే ముగ్గురం ఒకే ఫోనులోకి తలలు పెట్టి చూశాం. దిగిందని తెలిశాక కూడా కదల్లేదు. దీపాలు పెట్టే వేళ దాటాక ఫొటో వచ్చింది.

అందులో ఒక మనిషి అట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. కంపెనీ అతిథులు వస్తే విమానాశ్రయం తలుపు దగ్గర వాళ్ల పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడటం ఆయన ఉద్యోగంలో భాగం. ఆ రోజు అట్టమీద పెద్ద తెలుగు అక్షరాల్లో చెల్లెమ్మ పేరుంది. మేము చెల్లెమ్మ అనీ, కాలనీ టైలరమ్మ అనీ పిలిచి మరిచిపోయిన ఆమె సొంత పేరు. ఫొటో వెనకే ఆమె ఫోను కూడా వచ్చింది. "ఇరవై రెండేండ్లు ఎవరెవరి పేర్లో పట్టుకొని నిలవడ్డడంట అన్నా. ఇయ్యాల నా పేరు పట్టుకొని నిలవడ్డడు. మస్తు ఏడ్చిన. సంతోషంగనే ఏడ్చిన, వదినకు చెప్పు." చెప్పనవసరం లేకపోయింది. వదినా టీచరమ్మా పక్కనే ఉండి వింటూ ముక్కులు తుడుచుకుంటున్నారు. నా సంగతి అడక్కండి.

నెల తర్వాత ఆమె తిరిగొచ్చింది. మీర్‌పేట జాకెట్ చెయ్యి విప్పి కుట్టింది, డబ్బు తీసుకోలేదు. గోడమీద రెండో గడియారం ఇంకో మూడేళ్లు తన గంటన్నర వెనకే తిరిగింది.

ఈ రోజు భోజనాలయ్యాక ఫోను చూస్తే విమానం మస్కట్‌లో గాల్లోకి లేచింది. ఈసారి బుద్ధిగా మెట్లు దిగి, షాపు గుమ్మంలో నిలబడి, "బయలుదేరాడమ్మా" అని మాత్రం అన్నాను. అప్పటికే ఆమె మా ఎత్తు స్టూలు గోడ దగ్గర వేసుకుని సిద్ధంగా ఉంది. నా మాట వినగానే కొంగు దోపుకుని ఎక్కి, రెండో గడియారం దించి, అద్దం తుడిచి, వెనక మర తిప్పడం మొదలుపెట్టింది.

"ఇంకా దిగలేదు కదమ్మా, అప్పుడేనా?" అన్నాను.

"ఎక్కిండు కదన్నా. ఇగ ఆయన టైము గూడ మన టైమే" అని, మొదటి గడియారం చూసి నిమిషంతో సహా సరిపెట్టి, మళ్లీ మేకుకి తగిలించింది. కారు వచ్చే వేళయిందని లోపలికి పరుగెత్తింది. నేను స్టూలు తీసుకోవడం మరిచిపోయి రెండు గడియారాలనూ చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఏళ్లు ఆలస్యాలన్నీ నిమిషాల్లో రాసినవాణ్ణి, పాతికేళ్ల ఆలస్యం గంటన్నరే ఉంటుందని, వేలితో తిప్పితే తీరిపోతుందని నాకు ఈ రోజే తెలిసింది.